ఎగిరే దేవదూతతో యుద్ధం

పిల్లలూ! చెరువుగట్టున తూనీగలను పట్టబోయినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. తూనీగ ఉన్నచోటికి చెయ్యి చాస్తే గాలి తప్ప మరేమీ చిక్కదు. మన చెయ్యి అక్కడికి చేరేసరికి అది ఇంకోచోట ఉంటుంది. తూనీగ ఎక్కడికి పోబోతున్నదో కనిపెట్టి, ముందే అక్కడ చెయ్యి పెట్టగలిగినవాడికే అది దొరుకుతుంది. విచిత్రమేమంటే, తూనీగ తన ఆహారాన్ని పట్టేది కూడా ఈ ఉపాయంతోనే. అది దోమ వెనకాల పడి పరుగెత్తదు. దోమ ఎక్కడికి చేరుతుందో అక్కడికి తాను ముందుగా చేరుతుంది. శాస్త్రజ్ఞులు లెక్క చూస్తే, పది వేటలలో తొమ్మిదింటికి పైగా తూనీగదే గెలుపట. సింహానికి కూడా ఇన్ని గెలుపులు లేవు.

ఈ నెల మనం చెప్పుకోబోయే శత్రువు కూడా గాలిలో తిరిగేవాడే. అయితే వాడు చెరువుగట్టున ఉండడు, కంప్యూటరు తెరమీద ఉంటాడు. ‘డూమ్ ఇటర్నల్’ అనే వీడియో ఆటలో వాణ్ణి పెట్టారు. రూపం చూస్తే దేవదూత, చేసే పని చూస్తే ఈటెలు విసరటం. ఈ ఆట పెద్దవాళ్ళకోసం తయారైనది, పిల్లలకు కాదు. ఆ సంగతి తరవాత వివరంగా చెబుతాను. ఆట ఆడకుండానే ఆ యుద్ధం ఎట్లా జరుగుతుందో మనం తెలుసుకోవచ్చు. అందులో లెక్కలున్నాయి, కంటికీ చేతికీ సంబంధించిన శాస్త్రం ఉన్నది, కొంచెం పురాణం కూడా ఉన్నది.

ఎగిరే శత్రువును కొట్టటం వీడియో ఆటలకు కొత్త కాదు. 1962 లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్ అనే యువకుడు స్నేహితులతో కలిసి ‘స్పేస్‌వార్’ అనే ఆట తయారుచేశాడు. బీరువాలంత కంప్యూటరు, దానికొక గుండ్రని తెర, తెరమీద ఒకదాన్నొకటి కాల్చుకునే రెండు బుల్లి ఆకాశనౌకలు. అంతే ఆట. ఆ తరవాత 1978 లో జపానులో తొమొహిరో నిషికాదో అనే ఆయన ‘స్పేస్ ఇన్వేడర్స్’ చేశాడు. ఆకాశంలో బారులు తీరిన శత్రువులు అటూ ఇటూ కదులుతూ దిగివస్తుంటే కింద ఉన్న ఫిరంగితో కొట్టాలి. ఇందులో ఒక తమాషా జరిగింది. శత్రువులు చచ్చినకొద్దీ మిగిలినవాళ్ళు మరింత వేగంగా కదలసాగారు. ఎందుకంటే, ఆ కాలపు కంప్యూటరు నెమ్మది. అన్ని బొమ్మలు గీయటానికి దానికి చాలాసేపు పట్టేది. బొమ్మలు తగ్గినకొద్దీ పని తగ్గి, త్వరత్వరగా గీసేది. నిషికాదో దీన్ని లోపమనుకుని దిద్దలేదు. ఆటకు ఇదే అందమని అట్లాగే ఉంచేశాడు. తెలివైనవాడు!

1993 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ‘ఐడి సాఫ్ట్‌వేర్’ అనే చిన్న కంపెనీ మొదటి ‘డూమ్’ ఆటను విడుదల చేసింది. జాన్ కార్మాక్, జాన్ రొమేరో అనేవారు దాని నిర్మాతల్లో ముఖ్యులు. ఇందులో మనం దూరంనుంచి బొమ్మను చూస్తూ కూర్చోము. మనమే ఆ నడవాల్లో పరుగెత్తుతున్నట్టు, ఆటగాడి కళ్ళకు ఏది కనిపిస్తుందో అదే తెరమీద కనిపిస్తుంది. గాలిలో తేలివచ్చే ఎర్రని ఒంటికన్ను రాక్షసుడొకడు ఇందులో ఉన్నాడు. అయితే మన వీరుడు తల పైకెత్తలేడు! ఆ ఏర్పాటే ఆటలో లేదు. మరి పైన ఉన్నవాణ్ణి కొట్టటం ఎట్లా? కుడి ఎడమలు సరిచూసుకుని కాలిస్తే చాలు, ఎత్తు సంగతి కంప్యూటరే చూసుకునేది. 1996 లో అదే కంపెనీవారు ‘క్వేక్’ అనే ఆట తెచ్చారు. అందులో మౌస్‌ను కదిపి తల పైకెత్తవచ్చు, దించవచ్చు.  ఎగిరేవాడికి ఆటగాడే గురిపెట్టుకోవటానికి వీలు కలిగింది.

ఇక మన దేవదూత. 2020 మార్చిలో వచ్చిన ‘డూమ్ ఇటర్నల్’ ఆ పాత డూమ్ వంశంలోదే. అందులో ‘ఉర్దాక్’ అనే స్వర్గంవంటి లోకం ఉన్నది. అక్కడివాళ్ళను ‘మేకర్లు’ అంటారు, అనగా సృష్టించేవాళ్ళు. వాళ్ళ కింద పనిచేసే చిన్న ఎగిరే భటులున్నారు. తలకు గురిచూసి కొడితే వాళ్ళు పగిలిపోయి, ఆటగాడికి కావలసిన తూటాలూ ఆరోగ్యమూ రాల్చిపోతారు. వాళ్ళతో పెద్ద చిక్కు లేదు. అదే సంవత్సరం అక్టోబరులో ఈ ఆటకు అనుబంధంగా ‘ది ఏన్షెంట్ గాడ్స్’ మొదటి భాగం వచ్చింది. అందులో ‘బ్లడ్ మేకర్’ అనే మరో రకం భటుణ్ణి పెట్టారు. చిక్కంతా వీడితోనే.

వీడు నేలకు దిగడు. పైనే తేలుతూ ఉంటాడు. వీడి చుట్టూ ఒక కాంతి కవచం ఉంటుంది. కవచం ఉన్నంతసేపూ ఎన్ని గుండ్లు పేల్చినా వృథా. ఒక్క గీత కూడా పడదు. పైగా తూటాలు ఖర్చయిపోతాయి. ఈ ఆటలో తూటాలకు ఎప్పుడూ కరువే. వీడు పైనుంచి అస్త్రాలు వేస్తూ ఉంటాడు. కొన్ని అస్త్రాలు పడినచోట అడుగుపెడితే, బురదలో కాలు దిగినట్టు మన వేగం తగ్గిపోతుంది. ఈ ఆటలో నిలబడిపోయినవాడికి చావే గతి. ఇంతలో కిందనుంచి మిగతా రాక్షసులు మీదపడుతూ ఉంటారు.

మరి వీణ్ణి గెలిచేదెట్లా? వీడు పెద్ద దెబ్బ కొట్టటానికి సిద్ధపడినప్పుడు ఆ కవచం తొలగిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో వీడి తలకు గురిగా ఒక్క దెబ్బ వెయ్యగలిగితే పనైపోతుంది. అనగా, వీడు మనలను కొట్టబోయే క్షణమే మనం వీణ్ణి కొట్టవలసిన క్షణం. ముందు కొడితే దండగ. ఆలస్యం చేస్తే ఈటె వచ్చి తగులుతుంది, కవచమూ మళ్ళీ మూసుకుంటుంది.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడు ఈ ఆట ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు చూశాను. మొదటి పావుగంట నాకు మెరుపులూ కేకలూ తప్ప ఏమీ తెలియలేదు. కొంచెం అలవాటుపడ్డాక ఒకటి గమనించాను. వాడు ఆ దేవదూతవంక అసలు చూడటమే లేదు! కింద ఉన్నవాళ్ళ పని పడుతూ, అటూ ఇటూ దూకుతూ, వాణ్ణి ఓరకంట మాత్రం కనిపెట్టి ఉంటున్నాడు.

“అంత ప్రమాదమైనవాణ్ణి వదిలేసి ఈ చిన్నవాళ్ళ వెంట పడతావేమిరా?” అన్నాను.

“వాడు కవచం దించేదాకా వాడితో నాకేం పని లేదు మామయ్యా. దించినప్పుడు చెబుతా వాడి సంగతి,” అన్నాడు వాడు, తెరమీదినుంచి చూపు మరల్చకుండానే.

ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గదా, ఈ మాట నాకు బాగా నచ్చింది. అయితే అది చెప్పినంత తేలిక కాదు. ఎందుకు తేలిక కాదో చూద్దాం.

కంప్యూటరు ఆటలలో తుపాకులు రెండు రకాలు. ఒక రకం తుపాకిని నొక్కీ నొక్కగానే గుండు గమ్యం చేరినట్టే లెక్క. నిజానికి అక్కడ గుండూ లేదు, ఏమీ లేదు. కంప్యూటరు ఆటగాడి కన్నునుంచి గురి ఉన్న దిక్కుకు మనస్సులోనే ఒక సరళరేఖ గీస్తుంది. శత్రువు శరీరం చుట్టూ కంటికి కనిపించని పెట్టెలవంటివి అమర్చి ఉంటాయి. తలకొకటి, మొండేనికొకటి, ఇట్లా. రేఖ ఏ పెట్టెలోనుంచి పోతే అక్కడ దెబ్బ తగిలినట్టు. మీరు జామెట్రీలో రేఖ వృత్తాన్ని ఖండించే లెక్కలు చేస్తారే, అదే పని కంప్యూటరు సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది. జామెట్రీ ఎందుకు పనికొస్తుంది మాస్టారూ అని అడిగే పిల్లలకు ఇదొక జవాబు.

రెండో రకంలో గుండు నిజంగానే ప్రయాణం చేస్తుంది. రాకెట్టు అట్లాంటిది. అది పోయేలోగా శత్రువు కదిలిపోతాడు. ఇప్పుడు తూనీగ లెక్క కావాలి. శత్రువు మనకు 20 మీటర్ల దూరంలో, సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా పోతున్నాడనుకోండి. మన రాకెట్టు వేగం సెకనుకు 50 మీటర్లు. 20 మీటర్లు పోవటానికి దానికి 20 ని 50 తో భాగిస్తే 0.4 సెకను పడుతుంది. ఆ 0.4 సెకనులో శత్రువు 4 మీటర్లు జరిగిపోతాడు. కాబట్టి వాడికి సుమారు 4 మీటర్లు ముందు, ఏమీ లేని ఖాళీ గాలికి గురిపెట్టాలి! (ఏటవాలుగా పోవలసివచ్చిన రాకెట్టుకు ఇంకొంచెం ఎక్కువ సమయం పడుతుందని పైతరగతులవాళ్ళు పట్టుకుంటారు. నిజమే, లెక్క కట్టి చూడండి. తేడా చాలా స్వల్పం.) ఇంత లెక్కను ఆటగాడు కాగితంమీద చెయ్యడు. క్రికెట్టులో బంతి పట్టేవాడు మాత్రం చేస్తాడా? పైకి లేచిన బంతిమీదనే చూపు నిలిపి పరుగెత్తుతాడు. ఆ చూపు కోణం సరిగా నిలిచేటట్టు తన వేగాన్ని సర్దుకుంటూ పోతే, బంతీ అతనూ ఒకేచోటికి చేరుతారు.

ఈ ముందు గురి విద్య శత్రువులకూ తెలుసు సుమా! 1980 లో జపానులో తోరు ఇవతాని చేసిన ‘పాక్‌మాన్’ ఆటలో నాలుగు దయ్యాలు ఆటగాణ్ణి తరుముతాయి. వాటిలో గులాబిరంగు దయ్యం ఆటగాడు ఉన్నచోటికి రాదు. అతను పోతున్న దిక్కులో నాలుగు గళ్ళు ముందుకు గురిపెట్టి వస్తుంది. మనం తిన్నగా పోయినంతసేపూ అది మనకు ఎదురుపడుతుంది. చటుక్కున పక్కకు తిరిగామా, దాని లెక్క తప్పుతుంది. డూమ్‌లో మా మేనల్లుడు ఊరికే అటూ ఇటూ గెంతటం లేదన్నమాట.

ఇప్పుడు కాలం సంగతి. కంటికి ఒకటి కనిపించిన తరవాత, అది మెదడుకు చేరి, మెదడు నిర్ణయించి, వేలు కదలటానికి మామూలు మనిషికి 0.2 నుంచి 0.25 సెకను పడుతుంది. ఎంత సాధన చేసినా ఇది కొద్దిగా తగ్గుతుందేగాని సున్నా కాదు. చెవికి కొంచెం వేగం ఎక్కువ. శబ్దం వింటే సుమారు 0.15 సెకనులో వేలు కదులుతుంది. అందుకే ఆటలు చేసేవారు శత్రువు దెబ్బకు ముందు మెరుపుతోపాటు ఒక శబ్దాన్ని కూడా పెడుతూ ఉంటారు. మా మేనల్లుడు కొన్నిసార్లు దేవదూతవంక వీపు పెట్టి ఉండి కూడా సరిగ్గా సమయానికి తిరిగేవాడు.

శబ్దాన్నిబట్టి గురిపెట్టటం మన దశరథమహారాజుకు తెలిసిన విద్యే. చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగు నీళ్ళు తాగుతున్నదనుకుని బాణం వేశాడు. గురి తప్పలేదు, మునికుమారుడికి తగిలింది. గురి వేరు, ఎవరికి గురిపెడుతున్నామో తెలియటం వేరు.

మీ వేగం ఎంతో తెలుసుకోవాలనుకుంటే ఇంట్లోనే చూడవచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ చెల్లెలినో తమ్ముణ్ణో దాని పైకొస పట్టుకుని నిలువుగా వేలాడదియ్యమనండి. సున్నా గుర్తు కిందకు రావాలి. మీరు బొటనవేలూ చూపుడువేలూ సున్నా గుర్తుకు రెండుపక్కలా, తగలకుండా ఉంచండి. వాళ్ళు చెప్పకుండా హఠాత్తుగా వదిలినప్పుడు పట్టుకోండి. 10 సెంటీమీటర్ల గుర్తు దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం సుమారు 0.14 సెకను. 15 దగ్గర అయితే 0.175. 20 దగ్గర అయితే 0.2. స్కేలు పూర్తిగా జారిపోతే 0.25 దాటిందన్నమాట. పది సార్లు చేసి సగటు తియ్యండి. ఒక్కసారి పట్టుకున్నది లెక్కలోకి రాదు, అది అదృష్టం కావచ్చు. స్కేలు ఇంత కచ్చితమైన గడియారం ఎట్లా అయిందంటే, కిందపడే వస్తువుల వేగాన్ని భూమి ఒకే తీరున పెంచుతుంది గనక. ఎంత దూరం పడిందో తెలిస్తే ఎంతసేపు పడిందో తెలుస్తుంది.

ఈ 0.2 సెకను చాలా పెద్ద అడ్డంకి. క్రికెట్టులో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటు దగ్గరికి సుమారు అర సెకనులో వస్తుంది. అందులో 0.2 చూడటానికే పోతే, బ్యాటు తిప్పటానికి ఏం మిగిలింది? కాబట్టి మంచి బ్యాట్స్‌మన్ బంతిని మాత్రమే చూడడు. బౌలరు మణికట్టు చూస్తాడు, అడుగు చూస్తాడు, భుజం చూస్తాడు. బంతి చెయ్యి వదలకముందే సగం సంగతి కనిపెడతాడు. దేవదూతతో యుద్ధమూ ఇంతే. వాడు ఈటె విసిరేముందు సిద్ధపడే భంగిమ ఒకటి ఉంటుంది. అది చూసి కదలనివాడు ఈటెను చూసి కదలటం కల్ల.

బొమ్మల చలనచిత్రాలు చేసేవారికి ఇది పాత సూత్రం. బొమ్మ దూకేముందు మోకాళ్ళు వంచాలి, కొట్టేముందు చెయ్యి వెనక్కు తీయాలి. లేకపోతే చూసేవాడికి ఏం జరిగిందో అర్థం కాదు. ఆటలు చేసేవారు ఈ సూత్రాన్ని న్యాయంకోసం వాడుకున్నారు. అసలు కంప్యూటరు తలచుకుంటే మనం ఒక్క క్షణం బతకలేం. మనం ఎక్కడున్నామో దానికి ఎప్పుడూ తెలుసు, దానికి గురి తప్పదు, 0.2 సెకను ఆలస్యమూ లేదు. రామాయణంలో మేఘనాదుడు మాయతో కనిపించకుండా ఆకాశంలో నిలిచి బాణాలు కురిపిస్తే రామలక్ష్మణులంతవారే చేష్టలుడిగి పడిపోయారు. వీడియో ఆటలో అట్లాంటి శత్రువును పెడితే, రెండోసారి ఆ ఆటను ఎవడూ ముట్టడు. అందుచేత నిర్మాతలు పనిగట్టుకుని తమ శత్రువు చేతులు కట్టేస్తారు. దెబ్బకు ముందు సూచన ఇప్పిస్తారు, కవచం తీయిస్తారు. గెలవటం కష్టం కావాలి, అసాధ్యం కాగూడదు. పరీక్ష కాగితం తయారుచేసేవాడి కష్టమూ సరిగ్గా ఇదే. నేను ఎన్నో కాగితాలు తయారుచేశాను గనక వాళ్ళ మీద నాకు కొంత సానుభూతి ఉన్నది.

ఎగిరే శత్రువును కొట్టే ఈ లెక్కలు ఆటలకోసం పుట్టలేదని కూడా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలను నేలమీది ఫిరంగులతో కూల్చటం మహాకష్టమైపోయింది. విమానం సెకనుకు 100 మీటర్లు పోతూ ఉండి, ఫిరంగి గుండు దాని ఎత్తుకు చేరటానికి 10 సెకన్లు పట్టిందనుకోండి. అప్పటికి విమానం కిలోమీటరు దూరం పోయి ఉంటుంది. కిలోమీటరు ముందుకు గురిపెట్టాలి! పైగా విమానంలో ఉన్నది మనిషి. వాడు వంకరటింకరగా పోతాడు. ఆ రోజుల్లో నార్బర్ట్ వీనర్ అనే గణితశాస్త్రజ్ఞుడు జూలియన్ బిగెలో అనే ఇంజనీరుతో కలిసి ఈ సమస్యమీద పనిచేశాడు. విమానం ఇంతవరకు నడిచిన తీరునుబట్టి ఇకమీద ఎట్లా నడుస్తుందో యంత్రంచేత ఊహింపజేయాలని ఆయన పూనిక. వాళ్ళ యంత్రం యుద్ధంలో వాడకానికి రాలేదు. కాని ఆ ఆలోచనలు పెరిగి, 1948 లో ‘సైబర్నెటిక్స్’ అనే గ్రంథమైనాయి. చుక్కాని పట్టేవాడు అనే అర్థంగల గ్రీకు మాటనుంచి ఆయన ఆ పేరు కల్పించాడు. మనుషులూ యంత్రాలూ తమ తప్పును తాము చూసుకుని ఎట్లా దిద్దుకుంటారో చెప్పే శాస్త్రం అది. యుద్ధం ముగిశాక వీనర్ మనుషులను చంపే ఆయుధాల పనికి తన విద్య ఇవ్వనని బహిరంగంగా ప్రకటించాడు కూడా.

మళ్ళీ మా మేనల్లుడి ఇంటికి వద్దాం. వాడికి పదకొండేళ్ళ కొడుకున్నాడు. తండ్రి ఆ ఆట పెట్టినప్పుడు వీణ్ణి గదిలోకి రానివ్వరు. అయితే తలుపుసందులోనుంచి చూడని పిల్లవాడు ఎక్కడైనా ఉంటాడా? సాయంత్రం మేడమీద నా పక్కన చేరి అడిగాడు:

“తాతయ్యా, వాడు దేవదూత గదా. దేవుడు పంపితే వస్తాడు గదా. మరి నాన్న వాణ్ణెందుకు చంపుతున్నాడు?”

కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. వాడి మొహం చూస్తే చాలాసేపటినుంచి దీన్ని మనసులో పెట్టుకుని ఉన్నట్టు తోచింది. రాక్షసుణ్ణి చంపటం వాడికి అలవాటైన కథ. తెల్లగా, వెలుగుతో ఉన్నవాణ్ణి చంపటం వాడికి మింగుడుపడలేదు. అందులోనూ చంపుతున్నది తన తండ్రి. దూత అంటే కబురు తెచ్చేవాడు. క్రైస్తవ, ఇస్లాం, యూదు మతాలవారందరూ దేవదూతలను నమ్ముతారు. ఆ మతాల పిల్లలకు ఇట్లాంటి బొమ్మను చూస్తే మనసు కష్టపడవచ్చు కూడా. అది గమనించి మాట్లాడాలి.

నేను వాడికి ఆటలోని కథ చెప్పాను. ఉర్దాక్ లోకం తన వైభవం నిలుపుకోవటానికి నరకంతో రహస్యంగా ఒడంబడిక చేసుకున్నది. చచ్చిపోయినవారి ఆత్మలను పిండి తీసిన శక్తితో ఆ తెల్లని లోకం వెలుగుతున్నది. అంటే, వీళ్ళు ఏ మతం నమ్మే దేవదూతలూ కారు. దేవదూతల వేషం వేసుకున్న స్వార్థపరులు. ఆట చేసినవాళ్ళు అల్లిన కథ అది.

“అయితే దేవతలు తప్పు చేస్తారా?” అన్నాడు వాడు.

ఖాండవదహనం కథ ఎత్తుకున్నాను. అగ్నిదేవుడు అడవిని కాల్చబోతే ఇంద్రుడు వాన కురిపించాడు. అర్జునుడు బాణాలతో ఆకాశాన్ని కప్పేసి ఒక్క చినుకు పడనివ్వలేదు. ఇంద్రుడు దేవతలను వెంటబెట్టుకుని యుద్ధానికి వచ్చాడు. ఇంద్రుడు అర్జునుడికి తండ్రి. అయినా యుద్ధం జరిగింది, కొడుకే గెలిచాడు, తండ్రి సంతోషించాడు. కథ విన్నంతసేపు విని, వాడు, “ఆ అడవిలో ఉన్న జంతువులేమైనాయి?” అన్నాడు. చాలావరకు కాలిపోయినాయని చెప్పవలసి వచ్చింది. వాడు ఇంకేమీ అడగలేదు. నేనూ ఆ సాయంత్రం ఇంకే కథా ఎత్తుకోలేదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. డూమ్ ఇటర్నల్ పెట్టెమీద ఐరోపావారు 18 అంకె వేశారు. అమెరికావారు 17 ఏళ్ళు నిండినవారికని గుర్తు వేశారు. ఇది ఊరికే వేసిన ముద్ర కాదు. ఈ ఆటలో నెత్తురు చాలా ఎక్కువ, శరీరాలు ముక్కలౌతాయి. పదకొండేళ్ళవాడికి ఇది తగదని నా నిశ్చయం. ఇందులో బేరాలు లేవు. అయితే, “వీడియో ఆటలన్నీ పాడుపనులు” అని కేకలువేసే తండ్రిమాటకు కూడా పిల్లలు విలువ ఇవ్వరు. మీ పిల్లవాడు ఏ ఆట ఆడుతున్నాడో పక్కన కూర్చుని అరగంట చూడండి. ఆ అంకె ఎంత ఉన్నదో చూడండి. పరుగు ఆటలు ఆడేవారికి ఒకేసారి నాలుగువైపులా గమనించే శక్తి పెరుగుతుందని 2003 లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రీన్, బావెలియర్ అనే పరిశోధకులు ప్రకటించారు. ఆ మేలు ఎంతవరకు నిజమని తరవాత వాదాలు లేకపోలేదు. ఇంకోవైపు, ఆటమీద అదుపు పూర్తిగా తప్పి చదువూ నిద్రా తిండీ పాడైపోయే స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ తన రోగాల పట్టికలోకి ఎక్కించింది. ఆ పట్టిక 2022 జనవరినుంచి అమలులో ఉన్నది. అట్లాంటి స్థితి నెలల తరబడి సాగినప్పుడే దాన్ని రోగమంటారు. ఆదివారం ఒక గంట ఎక్కువ ఆడినవాణ్ణి రోగి అనకండి.

ఇక మా బుల్లివాడు. తనను గదిలోకి రానివ్వనందుకు రెండురోజులు తండ్రితో మాట్లాడలేదు. మూడోరోజున అపార్టుమెంటు కింద ఉన్న పిల్లలను పోగుచేసి తానే ఒక ఆట కల్పించాడు. మీరూ ఆడవచ్చు గనక దాని పద్ధతి చెబుతాను.

దేవదూత అయినవాడు మెట్టుమీద గాని అరుగుమీద గాని నిలబడాలి. వాడి చేతిలో ఒక చేట, ఇంకో చేతిలో పాత గుడ్డలు చుట్టి చేసిన బంతి. చేట కవచం. కిందివాళ్ళు నలుగురు, వాళ్ళకు తలా రెండు గుడ్డబంతులు మాత్రమే. ఎవరూ ఒకచోట నిలబడగూడదు. మూడు లెక్కపెట్టేలోగా కదలనివాడు అవుట్. దేవదూత బంతి విసరాలంటే ముందు చేటను పక్కకు దించి, “వస్తున్నా!” అని కేక వెయ్యాలి. కేక వేశాక గాని విసరగూడదు. చేట దిగి, మళ్ళీ పైకి లేచేలోగా బంతితో వాడి పొట్టకు కొట్టినవాడు తరవాతి దేవదూత. చేటకు తగిలిన బంతి పోయినట్టే, తిరిగి ఇవ్వరు. తలకు కొట్టగూడదని పిల్లలే షరతు పెట్టుకున్నారు, ఒకడి కళ్ళజోడు కారణంగా.

మొదటిరోజు అందరూ కేక వినకుండానే బంతులన్నీ విసిరేసి, ఉత్తచేతులతో మిగిలారు. రెండోరోజున మూడో అంతస్తునుంచి వచ్చే ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకతె ఒక బంతి దాచుకున్నది. ఎవరెంత పురికొల్పినా విసరలేదు. దేవదూత చేట దించి నోరు తెరిచాడో లేదో, బంతి వెళ్ళి వాడి పొట్టకు తగిలింది. కేక సగంలోనే ఆగిపోయింది. కేక పూర్తికాకముందు కొట్టింది కాబట్టి చెల్లదని వాడూ, చేట దిగింది కాబట్టి చెల్లుతుందని ఆ పిల్లా వాదించుకున్నారు. తీర్పుకోసం నా దగ్గరికి వచ్చారు. మా మేనల్లుణ్ణి పిలిచి, “నువ్వు చెప్పరా, నీ ఆటలో ఎట్లాగ?” అన్నాను.

“కవచం దిగితే చాలు,” అన్నాడు వాడు. ఆ పిల్ల చేట తీసుకుని మెట్టెక్కింది.